నీళ్లు లేని సీమ, నీటి జబ్బులు: కడుపుతో ఉన్నవాళ్లకు ఎందుకు? ఎలా?

“వానే సరిగా పడని ఊరు మాది. మాకు దోమలెక్కడివి, నీటి రోగాలెక్కడివి?”

అనంతపురం పల్లెల్లో పెద్దవాళ్లు ఇలా అంటే కాదనడం కష్టం. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. అదీ చెనిక్కాయ విత్తనం వేసినప్పుడు పడక, పీకేటప్పుడు పడుతుంది. విజయనగర రాజుల కాలంలో కట్టిన అనంతసాగరం చెరువు వల్లే ఊరికి ఆ పేరొచ్చిందంటారు. పేరులో సాగరమే ఉంది, బిందెలో మాత్రం అడుగంటిన నీళ్లు.

కానీ ఆ మాట తప్పు. నీళ్లు దండిగా ఉన్నచోట రోగం ఒక దారిన వస్తే, నీళ్లు కరువైన చోట ఇంకో దారిన వస్తుంది. నీళ్లు రోజుల తరబడి దాచుకుంటాం. ఎక్కడివో తెలియని నీళ్లు తెచ్చుకుంటాం. దాహమైనా తాగకుండా ఓర్చుకుంటాం. ఈ మూడింటి బరువూ ఇంట్లో ఎక్కువగా పడేది ఆడవాళ్ల మీద. ఆమె కడుపుతో ఉంటే ఆ బరువు ఇద్దరి మీద.

కడుపుతో ఉన్నప్పుడే జబ్బు ఎందుకంత ముదురుతుంది?

“ఒంట్లో శక్తి తగ్గుతుంది కాబట్టి” అని చాలామంది అనుకుంటారు. అసలు సంగతి అది కాదు. కడుపులోని బిడ్డ ఒంట్లో సగం తండ్రి నుంచి వచ్చినదే. తల్లి ఒంటికి అది పరాయి సొత్తు. పరాయిదాన్ని చూస్తే తరిమికొట్టడమే మన రోగనిరోధక వ్యవస్థ పని. బిడ్డను తరమకుండా ఉండాలంటే ఆ వ్యవస్థ తన తీరు మార్చుకోవాలి. నిద్రపోదు, కొన్ని రకాల దాడులను మాత్రం తగ్గించుకుంటుంది. అందుకే అన్ని జబ్బులూ ముదరవు. మామూలు జలుబు మామూలుగానే పోతుంది. ఫ్లూ, ఆటలమ్మ, మలేరియా, హెపటైటిస్-ఇ కామెర్లు వంటి కొన్ని మాత్రం గర్భిణిని మిగతావాళ్లకంటే గట్టిగా పట్టుకుంటాయి.

దీనికి శరీరంలో వచ్చే మార్పులూ తోడవుతాయి. పెరిగే గర్భసంచి ఊపిరితిత్తులను పైకి నెడుతుంది, మూత్రం దారిని నొక్కుతుంది. కొన్ని క్రిములకైతే బిడ్డను మోసే మాయే మంచి తావు. మలేరియా క్రిమి చేరిన ఎర్ర రక్తకణాలు పోయి మాయలో అతుక్కుని కూర్చుంటాయి. వేలి నుంచి తీసిన రక్తపు చుక్కలో కొన్నిసార్లు దొరకవు కూడా. మలేరియాను దోమ మోస్తుందని రొనాల్డ్ రాస్ 1897లో కనిపెట్టింది మన సికింద్రాబాదులోనే. ఇన్నేళ్లయినా “చలిజ్వరమే కదా, రెండ్రోజుల్లో పోతుంది” అనే మాట మాత్రం పోలేదు.

కొళాయి నీళ్లే తాగుతున్నాం, ఇంకేం భయం?

కొళాయి వచ్చిందన్నది చిన్న విషయం కాదు. 1990ల మధ్యలో శ్రీ సత్యసాయి తాగునీటి పథకం ఈ జిల్లాలో ఏడు వందలకు పైగా ఊళ్లకు నీళ్లిచ్చింది. అంతకుముందు బిందె నెత్తిన పెట్టుకుని నడిచిన తరం ఇంకా మన ఇళ్లలోనే ఉంది. అయితే కొళాయి ఉన్నా, రోజూ ఇరవై నాలుగు గంటలూ నీళ్లు రావు. చిక్కంతా అక్కడే.

పైపులో నీళ్లు ఒత్తిడితో పారుతున్నంతసేపు పగుళ్లలోంచి నీరు బయటికి కారుతుందే తప్ప బయటి మురికి లోపలికి రాలేదు. నీళ్లు ఆగిపోయాక పైపు ఖాళీ అవుతుంది, ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు అదే పగులు దగ్గరున్న మురుగు లోపలికి ఊరుతుంది. పక్కనే మురుగుకాలువ ఉంటే చెప్పనక్కర్లేదు. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు ముందుగా వచ్చేది ఆ మురుగు కలిసిన నీరే. ధార సన్నగా ఉందని కొళాయికి నేరుగా మోటారు బిగిస్తే ఇంకా కష్టం. మోటారు మన వీధి నీటినే కాదు, పగుళ్ల దగ్గరి మురికినీ లాగుతుంది. ఒక ఇంటి మోటారుకు వీధంతా నష్టపోతుంది.

అలాంటి నీటిలో వచ్చే వైరస్సుల్లో గర్భిణులు అన్నిటికంటే ఎక్కువగా భయపడాల్సింది హెపటైటిస్-ఇ. మామూలు మనిషికి కామెర్లు వచ్చి, కొన్ని వారాలు నీరసపడి, తనంతట తానే తగ్గిపోతుంది. చనిపోయేవాళ్లు నూటికి ఒకరో ఇద్దరో, చాలాసార్లు అంతకూ తక్కువ. అదే ఏడో నెల దాటిన గర్భిణికి వస్తే మరణాలు 20 నుంచి 25 శాతం దాకా ఉండవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 1955 చివర ఢిల్లీలో యమున నీళ్లలో మురుగు కలిసి వేలమందికి కామెర్లు వచ్చాయి. అప్పట్లో అది ఏ వైరస్సో ఎవరికీ తెలియదు. దాచిపెట్టిన రక్త నమూనాలను చాలా ఏళ్ల తర్వాత పరీక్షిస్తే అది హెపటైటిస్-ఇ అని తేలింది.

ఇక్కడ ఒక మాట కటువుగానే చెప్పాలి. కామెర్లంటే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది పసరు. ఫలానా ఊళ్లో ఫలానా రోజు పోస్తారని బస్సెక్కి పోతారు, పథ్యం పడతారు, తగ్గుతుంది. తగ్గేది పసరు వల్ల కాదు, ఆ జబ్బు చాలామందిలో దానంతటదే తగ్గేది కాబట్టి. పేరు మాత్రం పసరుకు దక్కుతుంది. ఆ పేరును నమ్మి నిండు నెలల అమ్మాయిని తీసుకుపోతే, కాలేయం పాడవుతున్న రోజుల్లో రెండు మూడు రోజులు వృథా అవుతాయి. పైగా ఉప్పూ నూనే మానిపించే పథ్యంతో ఆమె ఇంకా నీరసపడుతుంది. కళ్లు పచ్చబడి, వాంతులవుతూ, మాట తడబడుతూ మత్తుగా ఉంటే అది పెద్దాసుపత్రికి పోవాల్సిన పని, అదే గంటలో.

ఏం చేయాలంటే, కొళాయి వదలగానే వచ్చే నీటిని కాసేపు గిన్నెలు కడగడానికి, మొక్కలకు వాడి, ఆ తర్వాత తాగేవి పట్టుకోండి. ఆమె తాగే నీటిని బుడగలు పొంగేదాకా మరగనిచ్చి, అదే గిన్నెలో మూతపెట్టి చల్లార్చండి. గ్యాసు దండగ అనిపిస్తే క్లోరిన్ బిళ్ల వాడవచ్చు, పొట్లం మీది కొలత ప్రకారం వేసి అరగంట ఆగాలి. పటిక వేస్తే నీరు తేరుకుంటుంది, తెల్లగా కనిపిస్తుంది. క్రిములు మాత్రం అలాగే ఉంటాయి. మరో సంగతి, మరగబెడితే క్రిములు చస్తాయి గానీ మన బోరు నీళ్లలోని ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరే కొద్దీ అది చిక్కనవుతుంది కూడా. కాబట్టి ఫ్లోరైడు ఎక్కువని తేలిన బోరు నీటిని తాగడానికి మరిగించడం కాదు, మానేయడమే దారి.

క్యాను నీళ్లు కొనేవాళ్లకూ ఒక హెచ్చరిక. ప్లాంటులో నీళ్లు శుభ్రంగానే ఉండవచ్చు. క్యాను లోపల ఎప్పుడు కడిగారు? మూత తీసి లోటా ముంచిన చెయ్యి ఎవరిది? పొడుగు కాడ ఉన్న గరిటె ఒకటి కొనుక్కుంటే చాలా సమస్యలు తీరతాయి.

డ్రమ్ము ఖాళీ చేయమంటారు. కరువులో నీళ్లు పారబోస్తామా?

ఈ ప్రశ్నలో కోపం ఉంది, న్యాయమూ ఉంది. శుక్రవారం డ్రై డే అంటూ ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ వచ్చి నీళ్లు పారబోయమంటే, ట్యాంకరు దగ్గర కొట్లాడి పట్టుకున్న మనిషికి ఒళ్లు మండుతుంది.

డెంగీ దోమకు చెరువూ అక్కర్లేదు, కాలువా అక్కర్లేదు. దానికి కావలసింది ఇంటి నీడలో కదలకుండా నిలిచిన మంచినీళ్లు. అంటే మన డ్రమ్ము, సిమెంటు తొట్టి, కూలరు అడుగు, కోళ్లకు పెట్టిన పెంకు. గుడ్డు నుంచి ఎగిరే దోమ దాకా వారం, పది రోజులు చాలు. అందుకే వారానికొకసారి అన్న లెక్క. అయితే చాలామందికి తెలియనిది, ఆ దోమ నీళ్లలో కాక నీటి గట్టున, డ్రమ్ము లోపలి గోడకు గుడ్లు అంటిస్తుంది. నీళ్లు వంపేసినా అవి అక్కడే ఎండిపోయి నెలల తరబడి బతికుంటాయి. మళ్లీ నీళ్లు పోసినప్పుడు పొదుగుతాయి. పారబోసినంత మాత్రాన ఫలితం లేకపోవడానికి కారణం ఇదే. కావలసింది గోడలను పీచుతో గట్టిగా రుద్దడం.

నీళ్లు వృథా చేయనక్కర్లేదు. గుడ్డతో వడగట్టి ఇంకో డ్రమ్ములోకి మార్చండి, లేదా బర్రెలకు తాపండి. రుద్ది, ఒక చెంబుతో కడిగి, మళ్లీ నింపి పాత చీర ముక్కను మూతి చుట్టూ తాడుతో బిగించి కట్టండి. వదులుగా కప్పిన రేకు మూతలో దోమకు దారి ఉంటుంది, బిగించిన చీరలో ఉండదు. ఎత్తలేని పెద్ద తొట్టి అయితే దోమపిల్లలను తినే గంబూసియా చేపలు అడగండి, మలేరియా విభాగం వాళ్లు ఇస్తారు.

ఈ దోమ కుట్టేది పగలు, ముఖ్యంగా పొద్దున, సాయంత్రం. రాత్రి దోమతెర కట్టుకుని పగలు నీడన కునుకు తీసే గర్భిణికి సగం రక్షణే. పగటి నిద్రకూ తెర కట్టాలి. డెంగీ వస్తే ఆమెకు రక్తస్రావం, నెలలు నిండకుండా కాన్పు అయ్యే ప్రమాదం పెరుగుతాయి.

మూత్రంలో మంట. వేడి చేసిందేమో?

ఇది నేను అన్నిటికంటే ఎక్కువ సేపు చెప్పాలనుకున్న సంగతి. ఈ సీమలో అతి మామూలుగా వచ్చి, అతి తక్కువగా మాట్లాడుకునే జబ్బు ఇదే.

“వేడి చేసింది” అనే మాట మనకు మందు కంటే ముందు దొరుకుతుంది. మజ్జిగ తాపుతారు, సబ్జా గింజలు నానబెడతారు, బార్లీ కాస్తారు. వీటిలో ఏదీ చెడ్డది కాదు, ఒంట్లోకి నీరు పోవడం మంచిదే. కానీ మంటకు కారణం వేడి కాదు. మలద్వారం దగ్గర ఉండే క్రిములు మూత్రం దారిలోకి చేరి పెరగడం. ఆ దారి ఆడవాళ్లలో చాలా పొట్టిది. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో పెరిగే ప్రొజెస్టరాన్ అనే హార్మోను, మూత్రపిండాల నుంచి సంచిలోకి దిగే గొట్టాలను వదులు చేస్తుంది. పైనుంచి గర్భసంచి వాటిని నొక్కుతుంది, కుడివైపు మరీ ఎక్కువగా. పారాల్సిన నీరు నిలిచిపోతుంది. నిలిచిన నీటిలో ఏం జరుగుతుందో డ్రమ్ము దగ్గరే చూశాం.

ఇక బయటి కారణం. ఎండలో చెనిక్కాయ చేలో కలుపు తీసే ఆడమనిషి పొద్దున్నే నీళ్లు తాగదు. మరిచిపోయి కాదు, కావాలనే. తాగితే పోవాలి, పోవడానికి చాటు లేదు. మగవాళ్లకు ఏ గట్టు పక్కనైనా సరిపోతుంది. ఇంటికొచ్చాక మరుగుదొడ్డి ఉండవచ్చు, కానీ అందులో పోసే ప్రతి చెంబూ ఆమె మోసుకొచ్చిందే. కాబట్టి అక్కడా లెక్క చూసుకుంటుంది. ఆమెను “నీళ్లు బాగా తాగమ్మా” అని ఆసుపత్రిలో చెప్పి పంపడం తేలిక. చాటూ నీళ్లూ చూపించకుండా ఆ సలహా ఇవ్వడం నాకు న్యాయంగా అనిపించదు. పొలంలో నాలుగు కర్రలు పాతి పట్టా చుట్టడానికి అరగంట పడుతుంది. ఆ పని ఇంట్లో మగవాళ్లది.

ఇంకో చిక్కు. నూటికి రెండు నుంచి పదిమంది గర్భిణుల మూత్రంలో క్రిములు ఉంటాయి గానీ మంటా ఉండదు, నొప్పీ ఉండదు. చికిత్స లేకుండా వదిలేస్తే వాళ్లలో 20 నుంచి 30 శాతం మందికి అది మూత్రపిండాలకు ఎక్కుతుంది. అప్పుడు వణుకుతో జ్వరం, వెనుక నడుం పక్కన నొప్పి, వాంతులు, ఒక్కోసారి నెలలు నిండకముందే నొప్పులు. కాబట్టి మంట లేకపోయినా మొదటి నెలల్లోనే మూత్ర పరీక్ష చేయించాలి. పట్టీ ముంచి రంగు చూసే పరీక్ష అన్నిటినీ పట్టదు. క్రిములను పెంచి చూసే కల్చర్ పరీక్ష కుదిరితే అది మేలు, డాక్టరును అడగండి.

నమూనా పట్టడంలోనూ పద్ధతి ఉంది. ముందు నీళ్లతో కడుక్కోవాలి. మొదటి ధార వదిలేసి, మధ్య ధారను ఆసుపత్రి వాళ్లిచ్చిన సీసాలో పట్టాలి. ఇంటి నుంచి మందు సీసా కడిగి తెస్తే, అందులోని క్రిములు కూడా లెక్కలోకి వస్తాయి. మామూలు రోజుల్లో కడుక్కోవడం ఎప్పుడూ ముందు నుంచి వెనక్కి. తాగే నీరు సరిపోతోందా అని తెలుసుకోవడానికి గ్లాసుల లెక్కకంటే మూత్రం రంగు చూడటం సులువు. లేత పసుపు అయితే చాలు, ముదురుతుంటే తక్కువైనట్టు. మందు రాసిస్తే మంట తగ్గిన మూడో రోజుకే ఆపకూడదు, చెప్పినన్ని రోజులూ మింగాలి. ఆ తర్వాత మళ్లీ పరీక్ష చేయించుకోవాలి.

ఇంట్లో జీవాలున్నాయి. వాటితో కడుపులో బిడ్డకేం సంబంధం?

రాష్ట్రంలో గొర్రెలు ఎక్కువగా ఉన్న సీమ ఇది. వాన నమ్మించి మోసం చేసినా, మంద ఒక పూట అన్నం పెడుతుంది. జీవాలను వదులుకోమని ఎవరూ అనరు. వదులుకోవలసింది ఒక్క పని మాత్రమే, గొర్రెలు ఈనేటప్పుడు కడుపుతో ఉన్న అమ్మాయి అక్కడ చెయ్యి పెట్టడం.

ఈనేటప్పుడు వచ్చే ఉమ్మనీరులోను, మాయలోను బ్రూసెల్లా, టాక్సోప్లాస్మా, లిస్టీరియా వంటి క్రిములు ఉండవచ్చు. గర్భిణి ఒంట్లోకి వీటిలో ఏది చేరినా గర్భం పోవచ్చు, లేదా బిడ్డకు సోకవచ్చు. గొర్రె నెలలు నిండకముందే పిల్లను వేసేసిందంటే అనుమానం ఇంకా పెరుగుతుంది. చలి దేశమైన బ్రిటన్‌లో కూడా గొర్రెలు ఈనే కాలం రాగానే ప్రభుత్వం గర్భిణులకు ఏటా హెచ్చరిక ఇస్తుంది. ఆ సమయంలో దొడ్లోకి పోవద్దనీ, ఆ పని చేసినవాళ్ల మురికి బట్టలు కూడా ముట్టుకోవద్దనీ చెబుతుంది. ఈ రెండో మాట మనం గమనించం. రాత్రంతా మంద దగ్గరుండి వచ్చిన భర్త పంచె ఉతికేది ఆమే కదా. ఆ నెలల్లో ఆయన బట్టలు ఆయనే ఉతుక్కుంటే నామోషీ ఏం లేదు. రాలిన పిల్లను, మాయను కుక్కలకు వేయకుండా లోతుగా గుంత తీసి సున్నం చల్లి పూడ్చాలి. పశువుల డాక్టరుకు చెప్పాలి.

పచ్చిపాలు బలమనే నమ్మకం ఇంకా ఉంది. బ్రూసెల్లా జ్వరం సంగతి బయటపడింది పాల వల్లే. మాల్టా దీవిలో ఉన్న బ్రిటిష్ సైనికులకు వచ్చి పోతూ ఉండే జ్వరానికి కారణమైన క్రిమిని డేవిడ్ బ్రూస్ 1887లో కనిపెట్టాడు. అది మేకపాల నుంచి వస్తోందని తేలడానికి 1905 దాకా పట్టింది. కారణం, ఆ మేకలు చూడటానికి దుక్కల్లా ఉండటమే. ఆరోగ్యంగా ఉన్న మన మేక పాలకూ పొంగు రావాల్సిందే. మాంసం లోపలి ఎరుపు పోయేదాకా ఉడకాల్సిందే.

ఒక్క చిట్కా. జ్వరం వచ్చి పోతూ, చెమటలు పడుతూ, కీళ్లు నొప్పి పెడుతుంటే డాక్టరుతో “మా ఇంట్లో జీవాలున్నాయి” అని మీరే చెప్పండి. ఆయన అడగకపోవచ్చు. ఆ ఒక్క మాటతో చేయాల్సిన పరీక్షే మారిపోతుంది.

ఇన్ని రక్తపరీక్షలు దేనికి? మమ్మల్ని అనుమానిస్తున్నారా?

హెచ్‌ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్-బి పరీక్షలు గర్భిణులందరికీ చేస్తారు. అనుమానం ఉన్నవాళ్లకే అయితే ఆ పరీక్ష పరువు సమస్య అయ్యేది. అందరికీ చేయడంలోనే మర్యాద ఉంది. ఈ మూడింటికీ పైకి ఏ గుర్తూ లేకపోవచ్చు, కానీ తల్లి నుంచి బిడ్డకు సోకకుండా ఆపే దారి మూడింటికీ ఉంది.

చికిత్స లేకపోతే హెచ్‌ఐవీ తల్లి నుంచి బిడ్డకు 15 నుంచి 45 శాతం దాకా సోకుతుంది. మందులు సమయానికి మొదలుపెడితే అది 5 శాతం లోపుకు పడిపోతుంది. విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు బత్తలపల్లి ఆసుపత్రిలో హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు ఏళ్లుగా వైద్యం అందుతోంది. 2022లో జిల్లాను విడదీశాక బత్తలపల్లి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. సిఫిలిస్‌కు పెన్సిలిన్ సూది చాలు. తల్లికి హెపటైటిస్-బి ఉంటే బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు టీకా పడాలి, దానితోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ సూది కూడా. తల్లికి ఉన్నా లేకపోయినా ఆ టీకా ప్రతి బిడ్డకూ వేయించాల్సిందే. భర్త పనికోసం బెంగళూరుకు పోయి వస్తుంటాడా? ఆయనా పరీక్ష చేయించుకోవాలి. ఆమెకు చికిత్స చేసి ఆయన్ను వదిలేస్తే జబ్బు మళ్లీ ఇంటికే వస్తుంది.

ధనుర్వాతం టీకా రెండు డోసులు మరవకండి. బొడ్డు కోసిన చోట బూడిద, పేడ పెట్టే అలవాటుతో ఒకప్పుడు పసిబిడ్డలు ఎందరో పోయారు. తల్లులకు వేసిన టీకా, ఆసుపత్రి కాన్పు కలిసి 2015 నాటికి ఆ జబ్బును దేశంలో ప్రజారోగ్య సమస్య కాకుండా చేశాయి. రుబెల్లా టీకా మాత్రం గర్భం రాకముందే వేయాలి, వచ్చాక వేయకూడదు.

జ్వరం వస్తే మెడికల్ షాపులో ఏదైనా తెచ్చుకోవచ్చా?

పారాసిటమాల్ తప్ప ఇంకేదీ వద్దు. ఒళ్లు నొప్పులకు అలవాటుగా ఇచ్చే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి బిళ్లలు అయిదో నెల దాటాక బిడ్డ మూత్రపిండాలను, ఉమ్మనీటిని దెబ్బతీయవచ్చు. డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్ బిడ్డ పళ్లకు మచ్చ పెట్టవచ్చు. “గర్భిణికి” అని చెప్పకుండా తెచ్చిన ఏ బిళ్లా మింగకూడదు. జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, ఉమ్మనీరు కారినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా డాక్టరు పరీక్ష ఉంటుంది, 2016 నుంచి నడుస్తోంది. ఈ నెల ఆమె ఒక్కతే పోవద్దు. భర్తో, అత్తో తోడు పోయి డాక్టరు చెప్పింది తామే వినాలి, ఎందుకంటే పైన రాసిన పనుల్లో సగానికి పైగా ఆమె చేసేవి కావు. ముందుగా ఒక్కటి మాత్రం ఈ రోజే తేల్చుకోండి: వచ్చే శుక్రవారం డ్రమ్ము రుద్దేది ఇంట్లో ఎవరు?